28 మి.మీ. పదాతి దళాన్ని అతికించి, రంగులు వేసి, ఆటబల్ల మీదకు తేవడం ఎలా?

పాఠకులు పదేపదే అడిగే ప్రశ్న ఒకటి ఉంది. చారిత్రక వార్‌గేమింగ్ (పాత యుద్ధాలను చిన్న బొమ్మలతో బల్ల మీద ఆడే ఆట) కోసం 28 మిల్లీమీటర్ల సైనికుల పెట్టె కొన్నాక మొదటి రెండు మూడు బొమ్మలు ముచ్చటగానే వస్తాయి గాని, మిగిలినవి నెలల తరబడి సగంలో ఆగిపోతాయి. పట్టుబట్టి పూర్తిచేసినా మొదటివాటికీ చివరివాటికీ పొంతన కుదరదు. ఒక్కో బొమ్మనూ విడి శిల్పంగా చూడడం వల్లనే ఈ చిక్కు వస్తుంది. బల్ల ముందు నిలబడినవారికి ఇరవై నాలుగు బొమ్మలూ కలిసి ఒకే దళంగా కనిపిస్తాయి. దళమంతా ఒకే తీరుగా ఉంటే ఒక్కో బొమ్మలోని చిన్న లోపాలు వారి కంటికి ఆనవు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో దళాన్నంతా ఒకే వస్తువుగా భావించి పనిచేస్తాం.

ఉదాహరణకు 1812 నాటి యూనిఫాం నిబంధనల ప్రకారం దుస్తులు ధరించిన ఫ్రెంచ్ లైన్ పదాతి (సాధారణ కాలిబంట్ల) బెటాలియన్‌ను తీసుకున్నాను. నెపోలియన్ యుద్ధాల్లో 1813 నాటి లైప్‌జిగ్ పోరుకూ, 1815 నాటి వాటర్లూ పోరుకూ ఇదే రూపం సరిపోతుంది. కొత్తవారిని ఎక్కువగా ఇబ్బందిపెట్టే నీలం, తెలుపు, ఎరుపు మూడూ ఇందులో ఉన్నందువల్ల, ఈ దళం పూర్తిచేసినవారికి మరే సైన్యమూ కష్టమనిపించదు.

కావలసినవి

• స్ప్రూ (బొమ్మ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి భాగాలు కత్తిరించడానికి చదునైన అంచున్న సైడ్ కట్టర్, హాబీ నైఫ్, సన్నని ఆకురాయి, నున్నటి గరుకు కాగితం.
• ప్లాస్టిక్ బొమ్మలకు ప్లాస్టిక్ సిమెంట్. లోహపు, రెసిన్ బొమ్మలకు సూపర్ గ్లూ. బేస్‌ల (బొమ్మ నిలిచే అడుగు పలకల) మీద ఇసుకకు పీవీఏ (తెల్లని) జిగురు.
• బూడిద రంగు స్ప్రే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే తొలి పూత), మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్.
• అక్రిలిక్ రంగులు: ముదురు నీలం, దానికంటే ఒక మెట్టు లేత నీలం, లేత బూడిద, కొద్దిగా మాసిన తెలుపు, ముదురు ఎరుపు, ప్రకాశవంతమైన ఎరుపు, నల్లబూడిద, చర్మపు రంగు, రెండు రకాల గోధుమ, ఉక్కు, ఇత్తడి. పాంపాన్‌లకు (టోపీ మీది కుచ్చులకు) మరికొన్ని రంగులు చుక్క చుక్కగా కావాలి.
• ముదురు గోధుమ రంగు వాష్ (మడతల్లోకి పారి నీడలు తెచ్చే పలుచని రంగు) ఒక సీసా.
• 2, 1, 0 నంబర్ల గుండ్రని బ్రష్‌లు. మొన సూదిగా నిలిచే 1వ నంబరు బ్రష్ ఒక్కటి మంచిది కొనుక్కుంటే చాలు. మూడు వెంట్రుకల బ్రష్‌ల వెంట పడవద్దు, వాటి మీద రంగు బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది.
• బేస్‌లు, సన్నని ఇసుక, 2 మి.మీ. స్టాటిక్ గడ్డి (గడ్డిలా కనిపించే కృత్రిమ పోగులు), బొమ్మలను నిలిపి పట్టుకోవడానికి పాత సీసా మూతలు.

బేస్‌లు కొనేముందు మీరు ఆడబోయే నియమావళిలో బేస్ కొలత ఏమిటో చూసుకోండి. రంగులు వేసిన తరువాత బేస్ మార్చవలసి వస్తే చీలమండల దగ్గర విరగని బొమ్మ అరుదు.

1. దళాన్ని ముందు కాగితం మీద కట్టండి

ఫ్రెంచ్ బెటాలియన్‌లో 1808 నుంచి ఆరు కంపెనీలు ఉండేవి: ఒకటి గ్రెనేడియర్లది (ఎంపిక చేసిన దృఢకాయులు), ఒకటి వోల్టిజర్లది (ముందుకెళ్లి విడివిడిగా పోరాడే చురుకైనవారు), నాలుగు ఫ్యుజిలియర్లవి (సాధారణ సైనికులు). ఇరవై నాలుగు బొమ్మల దళమైతే కంపెనీకి నాలుగేసి చొప్పున సరిగ్గా పంచవచ్చు. వరసలో గ్రెనేడియర్లు కుడి చివర, వోల్టిజర్లు ఎడమ చివర నిలుస్తారు. గ్రెనేడియర్లకు ఎర్రని భుజకీర్తులూ, రెండో అడ్డపట్టీకి వేలాడే పొట్టి కత్తీ ఉంటాయి. వోల్టిజర్లకు కాలర్ పసుపు. ఫ్యుజిలియర్లకు భుజకీర్తులు ఉండవు, మామూలు నీలి భుజపట్టీలే. అడ్డపట్టీ కూడా ఒక్కటే. వారి షాకో టోపీ మీది గుండ్రని పాంపాన్ రంగును బట్టి కంపెనీ తెలుస్తుంది: మొదటిది ముదురు ఆకుపచ్చ, రెండవది ఆకాశనీలం, మూడవది నారింజ, నాలుగవది ఊదా.

ఈ లెక్క ముందే ఎందుకంటే, పెట్టెలోని శరీరాల్లో కొన్నింటికి రెండు అడ్డపట్టీలు, కొన్నింటికి ఒక్కటే అచ్చుపోసి ఉంటాయి. చూసుకోకుండా అతికిస్తే చివరకు కత్తి వేలాడే ఫ్యుజిలియర్లు మిగులుతారు. సార్జెంట్లకు, కార్పొరల్‌లకు కత్తి ఉంటుంది కాబట్టి ఒకరిద్దరిని అలా సర్దుకోవచ్చు గాని, కంపెనీ మొత్తాన్ని సర్దుకోలేం.

2. కడగండి, కత్తిరించండి, గీతలు తీయండి

స్ప్రూలను గోరువెచ్చని సబ్బునీటిలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి వాడిన జిడ్డు మిగిలి ఉంటే రంగు పట్టదు. రెసిన్ బొమ్మలకు ఇది మరీ ముఖ్యం.

భాగాన్ని కత్తిరించేటప్పుడు కట్టర్‌ను బొమ్మకు ఆనించకుండా కాస్త దూరంగా పెట్టి మొదట విడదీసి, మిగిలిన ముక్కను రెండో కోతలో తీయండి. తుపాకీ గొట్టం, బాయ్‌నెట్ వంటి సన్నని భాగాల చుట్టూ ఉన్న స్ప్రూ చట్రాన్ని ముందు కోసి బిగువు తగ్గించకపోతే, చివరి కోతలో ఆ భాగమే విరుగుతుంది.

ఆ తరువాత అచ్చు గీతలు, అంటే అచ్చు రెండు సగాలు కలిసిన చోట బొమ్మ చుట్టూ మిగిలే సన్నని గట్లు. కత్తి అలుగు వీపును, పదును వైపును కాదు, గీత వెంట మెల్లగా లాగి గీకండి. బొమ్మలన్నిటికీ అన్ని గీతలూ తీయడం ఓపికకు పరీక్షే. నా అభిప్రాయంలో షాకో పైభాగం, భుజాలు, కోటు చేతులు, తుపాకీ గొట్టం తప్పనిసరి, వీపు సంచి కింది భాగం, కాళ్ల లోపలి వైపు వదిలేసినా ఎవరూ పట్టుకోరు. గీత పోయిందో లేదో కంటికంటే గోరుకు బాగా తెలుస్తుంది. గోటిని అడ్డంగా నడిపితే ఎక్కడ తగిలితే అక్కడ వాష్ వేశాక నల్లని గీత తేలుతుంది.

జాగ్రత్త: రెసిన్‌ను పొడిగా రుద్దవద్దు, తడి చేసి రుద్దుతూ మాస్క్ పెట్టుకోండి. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండవచ్చు; పని కాగానే చేతులు కడుక్కోండి.

3. అతికించండి

ప్లాస్టిక్ సిమెంట్ రెండు ఉపరితలాలనూ కొద్దిగా కరిగించి ఒకటిగా చేస్తుంది. అది లోహం మీదా రెసిన్ మీదా పనిచేయదు, వాటికి సూపర్ గ్లూ తప్పదు. ఏ జిగురైనా తక్కువే వాడండి. ప్లాస్టిక్ సిమెంట్ పొంగి బయటికి వస్తే ముఖం మీది వివరాలు కరిగిపోతాయి. అలా పొంగినప్పుడు వేలితో తుడిస్తే వేలిముద్ర శాశ్వతంగా మిగులుతుంది కాబట్టి కదపకుండా పూర్తిగా ఆరనిచ్చి ఆపైన కత్తితో గీకండి.

జిగురు పెట్టేముందు ప్రతి జతనూ పొడిగా కలిపి చూడండి. తుపాకీ పట్టిన రెండు చేతులు సాధారణంగా జతగా, ఒకే అక్షరమో అంకెయో గుర్తుగా వస్తాయి. జత మారితే ఎడమ చేయి తుపాకీని అందుకోదు. అటువంటి జతకు భుజాల దగ్గర, అరచేతి దగ్గర ఒకేసారి జిగురు పెట్టి, అది ఇంకా మెత్తగా ఉండగానే మూడు కీళ్లూ కుదిరేలా సర్దాలి. ఒక చేయి గట్టిపడ్డాక రెండో చేయి పెట్టబోతే దాదాపు ఎప్పుడూ సందు మిగులుతుంది.

తలలను అటొకటి ఇటొకటి కొద్దిగా తిప్పి అతికించండి. అందరూ ఒకే దిక్కుకు చూస్తే దళం నిర్జీవంగా ఉంటుంది. మరీ ఎక్కువ తిప్పితే కవాతులో ఉన్నవారు తప్పిపోయినవారిలా కనిపిస్తారు.

వీపు సంచిని ఇప్పుడే అతికించాలా, రంగు వేశాక అతికించాలా అని చాలామంది అడుగుతారు. ఆటకోసం చేసే పదాతికి నేను ఇప్పుడే అతికించమంటాను. బ్రష్ చేరని చోటికి చూపూ చేరదు. మినహాయింపు ఒక్కటే: రొమ్ముకు అడ్డంగా తుపాకీ పట్టిన భంగిమ. అందులో కోటు రొమ్ము భాగం స్పష్టంగా కనబడుతూనే బ్రష్‌కు అందకుండా ఉంటుంది, కనుక ఆ చేతులను విడిగా రంగు వేసి తరువాత అతికించవచ్చు. అప్పుడు అతుకు స్థలాలకు ప్రైమర్ తగలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. రంగు పొర మీద ప్లాస్టిక్ సిమెంట్ పట్టదు.

4. వరస కుదురుతుందో లేదో ఇప్పుడే చూడండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. జిగురు పూర్తిగా గట్టిపడకముందే బొమ్మలను తమ తమ బేస్‌ల మీద నిలిపి, ఆటలో ఎలా నిలుస్తాయో అలా రెండు వరసల్లో పక్కపక్కన పెట్టండి. వెనుక వరస బాయ్‌నెట్ ముందు వరస వీపు సంచిలో గుచ్చుకుంటోందా? పక్కవాడి మోచేయి తగులుతోందా? ఇప్పుడైతే చేతిని కొద్దిగా తిప్పితే సరిపోతుంది. కుదిరిన వరసను ఫొటో తీసి, ప్రతి బేస్ అడుగున దాని స్థానం సంఖ్య రాసిపెట్టుకోండి. ముందుకు పొడుచుకొచ్చిన ఆయుధాలున్నవారిని ముందు వరసలో, తుపాకీ భుజాన నిలువుగా పెట్టుకున్నవారిని వెనుక వరసలో పెడితే చిక్కులు సగం తగ్గుతాయి.

5. బేస్ మీద ఇసుక, ఆపైన ప్రైమర్

బేస్‌కు పీవీఏ రాసి ఇసుక చల్లి, రాత్రంతా ఆరనివ్వండి. ప్రైమర్‌కు ముందే ఇసుక వేస్తే ప్రైమర్ దాన్ని కూడా బిగించి పట్టుకుంటుంది.

ఈ దళానికి బూడిద రంగు ప్రైమరే సలహా. నల్లని ప్రైమర్ నీడలను తానే ఇస్తుంది గాని, దాని మీద తెల్లని పట్టీలు తేవాలంటే మూడు నాలుగు పూతలు పడతాయి. తెల్లని ప్రైమర్ మీద వదిలేసిన ప్రతి చుక్కా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

గాలి ఆడే ఆరుబయట, మాస్క్ పెట్టుకుని, డబ్బాను బాగా ఊపి, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి చిన్న చిన్న విసుర్లుగా కొట్టండి. విసురు బొమ్మకు ముందే మొదలై బొమ్మ దాటాక ఆగాలి. మరీ దగ్గరగా కొడితే రంగు చిక్కగా నిండి గుండీలు మాయమవుతాయి. మరీ దూరం నుంచి, లేదా ఎండ మండే వేళ కొడితే తుంపర గాలిలోనే ఆరి ఇసుకలా గరుకుగా అంటుకుంటుంది. వాన వాతావరణంలో అసలు కొట్టవద్దు. స్ప్రే వీలుకాకపోతే బ్రష్‌తో వేసే ప్రైమర్ రెండు పలుచని పూతలు వేసుకోండి.

ఆరాక బొమ్మను తలకిందులుగా పట్టి చూడండి. గడ్డం కింద, చంకల్లో, కోటు తోకల కింద ప్లాస్టిక్ మెరుస్తుంటే అక్కడ బ్రష్‌తో అద్దండి.

6. ఒక్క నమూనా బొమ్మను పూర్తిచేయండి

మిగిలినవాటిని పక్కనపెట్టి, ఒక ఫ్యుజిలియర్‌ను మాత్రం కింద చెప్పిన మెట్లన్నీ దాటించి వార్నిష్ దాకా తీసుకెళ్లండి. ఏ భాగానికి ఏ రంగు, ఎంత నీటితో, ఏ వరుసలో వేశారో కాగితం మీద రాయండి. నీలం మరీ నల్లగా ఉందనిపిస్తే మార్చవలసిన చోటు ఇదే. చిన్న వస్తువు మీద ఏ రంగైనా అసలుకంటే ముదురుగా కనబడుతుంది కాబట్టి, కోటు నీలాన్ని చారిత్రక వర్ణనకంటే ఒక మెట్టు లేతగానే ఉంచడం మేలు. దళం పూర్తయ్యేదాకా ఈ నమూనా మీ ఎదురుగానే ఉండాలి.

7. రంగులు: ఒక రంగు పట్టుకుని అందరికీ

మిగిలిన ఇరవై మూడింటినీ ఆరు నుంచి ఎనిమిది చొప్పున గుంపులుగా పెట్టుకుని, ఒక రంగు తీసి గుంపులో అందరికీ వేశాకే రెండో రంగు మూత తీయండి. ఎనిమిదో బొమ్మకు వచ్చేసరికి మొదటిది ఆరి ఉంటుంది. రంగును పాల చిక్కదనానికి నీటితో పలుచన చేసి, ఒక మందపు పూతకు బదులు రెండు పలుచని పూతలు వేయండి. బ్రష్‌ను సగం వెంట్రుకలకు మించి ముంచవద్దు. రంగు లోహపు మెడలోకి చేరితే మొన విచ్చుకుంటుంది. బ్రష్‌ను నాలుకతో మొనదేల్చే అలవాటు ఉంటే మానుకోండి, తడి గుడ్డ అదే పని చేస్తుంది.

వరుస లోపలి నుంచి బయటికి సాగాలి: ముఖం, చేతులు, తరువాత నీలి కోటు, తెల్లని లేదా బూడిద రంగు ప్యాంటు, రొమ్ము మీది తెల్లని భాగం, ఎర్రని కాలర్ (వోల్టిజర్లకు పసుపు), కఫ్‌లు, నల్లని షాకో, తూటాల పెట్టె, బూట్లు, తోలు వీపు సంచి, దాని మీద చుట్టిన ఓవర్‌కోటు, తుపాకీ, అన్నిటికంటే చివర అడ్డపట్టీలు. దండయాత్రలో సైనికుల ప్యాంట్లు బూడిద, గోధుమ, తెలుపు ఇలా కలగలిసే ఉండేవి. కాబట్టి కొద్దిమందికి వేరే రంగు వేస్తే దళం నిజమైన దళంలా ఉంటుంది. కోటు రంగు మాత్రం అందరికీ ఒకటే.

తెలుపు గురించి కాస్త ఆగి చెప్పాలి. తెలుపును నేరుగా తెలుపుతో మొదలుపెట్టడమే కొత్తవారి పెద్ద పొరపాటు. అది ఒక్క పూతతో కప్పదు, కప్పాలని చిక్కగా వేస్తే సున్నం పూసినట్టు గడ్డలు కడుతుంది. మొదట లేత బూడిద రంగును రెండు పూతలు నిండుగా వేయండి. మడతల లోపల దాన్ని అలాగే వదిలి, ఎత్తైన భాగాలకు మాత్రం మాసిన తెలుపు వేయండి. స్వచ్ఛమైన తెలుపు అవసరమైతే మోకాలి మీద, పట్టీ భుజం దాటే చోట ఒక్కో గీత చాలు.

అడ్డపట్టీలు దళం రూపాన్ని నిర్ణయిస్తాయి. పట్టీ వేయబోయే చోట మొదట నల్లబూడిద రంగుతో పట్టీకంటే కొంచెం వెడల్పైన గీత గీయండి. అది ఆరాక లోపల లేత బూడిదతో, ఆపైన మాసిన తెలుపుతో పట్టీ గీస్తే, ఇరువైపులా వెంట్రుకవాసి నల్లని అంచు మిగులుతుంది. తెల్లని రొమ్ము మీద తెల్లని పట్టీ కలిసిపోకుండా కాపాడేది ఈ అంచే. అంచు ఒకచోట లావైతే పక్కనున్న రంగుతో సరిదిద్దండి. పట్టీని లావు చేయవద్దు.

తుపాకీ విషయంలో తరచుగా జరిగే పొరపాటు మరొకటుంది. ఫ్రెంచ్ లైన్ పదాతి వాడిన 1777 నమూనా మస్కెట్‌లో గొట్టాన్ని కొయ్యకు బిగించే పట్టీలు ఇనుపవి, కనుక వాటికి ఉక్కు రంగే వేయాలి. ఇత్తడి బిగింపులు బ్రిటిష్ వారి బ్రౌన్ బెస్ మస్కెట్‌వి. గుండీలకు మాత్రం ఇత్తడి రంగు సరైనదే. కళ్లు వేయవద్దని నా సలహా. ఈ పరిమాణంలో వేసిన కళ్లు ఎక్కువగా బెదిరిపోయినట్టు కనబడతాయి, షాకో అంచు కింద వాష్ ఇచ్చే నీడే నయం.

8. వాష్, హైలైట్

గోధుమ వాష్‌ను ముఖం, చేతులు, వీపు సంచి, తుపాకీ కొయ్య మీద ధారాళంగా వేయండి. తెల్లని భాగాల మీద మాత్రం నీటితో సగానికి పలుచన చేసి మడతల్లోనే నడపండి, లేకపోతే ప్యాంటు బురదలో దొర్లినట్టు మరకలు కడుతుంది. ఎక్కడైనా వాష్ మడుగు కట్టితే తడిగా ఉండగానే శుభ్రమైన బ్రష్‌తో పీల్చేయండి. సగం ఆరాక ముట్టుకుంటే చుట్టూ ఉంగరంలా మరక మిగులుతుంది.

ఆరిన తరువాత లేత నీలంతో భుజాలు, మోచేతులు, కోటు తోకల అంచులు తేల్చండి; ఇలా ఎత్తైన చోట్లను లేత రంగుతో తేల్చడమే హైలైట్. ఎరుపును తేల్చడానికి తెలుపు కలపవద్దు, అది గులాబీ అవుతుంది. కొద్దిగా నారింజ కలపండి. ముఖంలో ముక్కు, చెంపలు, గడ్డం మీద చర్మపు రంగును మళ్లీ ఒక్కో చుక్క పెట్టండి.

సమయం తక్కువ ఉన్నవారికి వేరే దారి ఉంది: ముదురు ప్రైమర్ మీద పై నుంచి మాత్రమే తెల్లని స్ప్రే కొట్టి, కాంట్రాస్ట్ తరహా పారదర్శక రంగులు ఒక్క పూత వేస్తే నీడలూ వెలుగులూ వాటంతట అవే వస్తాయి. వేగం నిజమే గాని, ఆ పూతను మధ్యలో సరిదిద్దడం కష్టం, వార్నిష్ వేసేదాకా ముట్టుకున్న చోటల్లా అంచుల్లో రంగు పోతుంది. కొన్ని ఇలా, కొన్ని అలా చేయకండి, దళం రెండుగా చీలినట్టు కనబడుతుంది.

ఇప్పుడు అందరినీ వరసగా నిలిపి, చేయి చాచిన దూరం నుంచి చూడండి. ఏ భాగం ఏదో అక్కడి నుంచి విడివిడిగా తెలియకపోతే వెలుగు నీడల తేడా చాలలేదన్నమాట. ఫోనులో నలుపు-తెలుపు ఫొటో తీస్తే ఇది మరింత స్పష్టమవుతుంది: కోటు, కాలర్, షాకో మూడూ ఒకే బూడిదగా కలిసిపోతే హైలైట్లను ఇంకో మెట్టు లేత చేయండి. తప్పిపోయిన బొమ్మ ఏదైనా ఉంటే, అంటే పాంపాన్ మరిచినదో, ఒక కఫ్ నీలంగానే మిగిలినదో, ఈ దూరంలోనే దొరుకుతుంది.

9. జెండా

1812 నమూనా జెండాలో నీలం, తెలుపు, ఎరుపు నిలువు పట్టీలుగా ఉంటాయి. మధ్యలో తెల్లని వజ్రాకారం ఉన్నది 1804 నాటిది, దీనికి పనికిరాదు. గద్ద చిహ్నం (జెండా కర్ర చివర ఉండే లోహపు గద్ద) 1808 నుంచి రెజిమెంటుకు ఒక్కటే, మొదటి బెటాలియన్ దగ్గర ఉండేది. మీరు రెండవ బెటాలియన్ చేస్తుంటే గద్దను పెట్టవద్దు.

ప్లాస్టిక్ కర్ర సులువుగా విరుగుతుంది, దాని బదులు ఉక్కు తీగ వాడండి. అచ్చువేసిన కాగితపు జెండాను పీవీఏతో కర్ర చుట్టూ మడిచి అతికించి, ఇంకా తడిగా ఉండగానే బ్రష్ పిడి మీద చుట్టి అలలు తేవాలి. కత్తిరించిన అంచుల్లో కాగితం తెల్లగా కనబడుతుంది, ఆయా చోట ఉన్న రంగుతోనే సన్నగా అద్దండి.

10. వార్నిష్, బేస్

రంగు వేసిన బొమ్మను చేతితో పట్టి ఆడాలి కనుక వార్నిష్ తప్పనిసరి. మ్యాట్ స్ప్రే రెండు పలుచని పూతలు చాలు. తేమ గాలిలో కొడితే తెల్లని మంచులా పొర కట్టి దళమంతా పాడవుతుంది, అందుకే ఏ డబ్బానైనా ముందు అక్కర్లేని బొమ్మ ఒకదాని మీద కొట్టి, ఆరాక చూసి, ఆపైనే మిగిలినవాటికి వాడండి. మంచు కట్టినట్టయితే బ్రష్‌తో పలుచని గ్లాసీ (మెరిసే) వార్నిష్ పూత వేస్తే చాలాసార్లు తేటపడుతుంది. ఆ తరువాత మంచి వాతావరణంలో మళ్లీ మ్యాట్ వేయండి. మ్యాట్ వార్నిష్ లోహపు మెరుపును చంపుతుంది కాబట్టి బాయ్‌నెట్‌లకు, తుపాకీ గొట్టాలకు ఉక్కు రంగును చివరలో ఒకసారి తిరిగి అద్దండి.

బేస్ ఇసుకకు ముదురు గోధుమ వేసి, ఆరాక లేత గోధుమను దాదాపు పొడి బ్రష్‌తో పై పైన రుద్దండి. పీవీఏ చుక్కలు అక్కడక్కడ పెట్టి గడ్డి వేసి, బేస్‌ను తలకిందులు చేసి తట్టి అదనపు గడ్డి రాల్చండి. బేస్ అంచుకు ఒకే రంగు, అన్ని దళాలకూ అదే రంగు ఉండాలి. ఆ రంగు పేరు నమూనా బొమ్మ కాగితం మీదే రాసిపెట్టుకోండి, వచ్చే దళానికి కావలసివస్తుంది.

భద్రపరిచేందుకు బేస్ అడుగున రేకు లేదా అయస్కాంతపు పలక అంటించి, దానికి తగిన అయస్కాంతపు లేదా ఇనుప అడుగున్న పెట్టెలో నిలబెట్టండి. ఎత్తేటప్పుడు బాయ్‌నెట్ పట్టుకోకుండా బేస్ అంచు పట్టుకోండి. బాయ్‌నెట్ విరిగితే అదే పొడవు సన్నని తీగను సూపర్ గ్లూతో పెట్టి, ఉక్కు రంగు వేస్తే సరిపోతుంది.